కరివేపాకు కుండీ పిల్లలకు వదిలేద్దాం

మహదేవపురలో మన తెలుగువాళ్ల బాల్కనీల్లో చాలాచోట్ల కరివేపాకు కుండీ ఉంటుంది. ఆ ఆకు మీద పిట్టరెట్టలా కనిపించే చిన్న పురుగును ముందు చూసేది పిల్లలే. మనమేమో వెంటనే మందు కొడతాం. పెరిగేకొద్దీ ఆకుపచ్చగా మారే ఆ గొంగళిపురుగే చివరికి నల్లరెక్కల సీతాకోకచిలుక అవుతుంది.

నాలుగు రెమ్మలు పోతే కూరగాయల కొట్లో కొసరుగా దొరుకుతాయి. "అమ్మా, ఇలా రా, చూడు!" అన్న పిలుపు మాత్రం రెండుసార్లు విసుక్కుంటే మళ్లీ వినపడదు. ఆశ్చర్యపోవడం పిల్లలకు మనం నేర్పక్కర్లేదు, పాడుచేయకుంటే చాలు.

సమ్మర్ క్యాంపులకు వేలు కడుతున్నాం కదా! ఈ వానాకాలం ఒక్క కుండీకి మందు కొట్టకుండా ఉందాం. వాళ్లు పిలిస్తే ఫోన్ లోపల పెట్టేసి వెళ్లి పక్కన కూర్చుందాం. ఏమంటారు?