తాబేలుకి జలుబు చెయ్యదు మహాప్రభో!

మా చుట్టాల్లో రెండిళ్ళలో తాబేళ్ళున్నాయి. ఒకటి పాల్వంచలో, ఒకటి భద్రాచలంలో. రెండూ వాస్తు పుణ్యమా అని వచ్చినవే. ఉత్తరం దిక్కున తాబేలుంటే డబ్బు నిలుస్తుందని ఎవరో చెప్పారు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మావాడొకడు అరచేతిలో పట్టేంత పచ్చటి పిల్లల్ని తెచ్చిచ్చాడు. కాబట్టి ఇదేదో పల్లెటూరి మూఢనమ్మకం అని మనం చేతులు దులుపుకోడానికి వీల్లేదు. కొనేది మనమే, మన గచ్చిబౌలి జీతాలతోనే.

ఆ పచ్చటి పిల్ల పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. పుట్టిల్లు అమెరికాలో మిసిసిపీ నది వైపు. బతికి బట్టకడితే భోజనం పళ్ళెమంత అవుతుంది, ముప్ఫై ఏళ్ళు బతకగలదు. అమ్మేవాడు ఈ రెండు ముక్కలూ చచ్చినా చెప్పడు. అమెరికాలో నాలుగంగుళాల కన్నా చిన్న తాబేళ్ళని పెంచుకోడానికి అమ్మడం 1975లోనే ఆపేశారు, వాటివల్ల పిల్లలకి సాల్మొనెల్లా అంటుతోందని. యూరప్ 1997లో ఈ జాతి దిగుమతే వద్దంది. మన దగ్గర మాత్రం ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఎండురొయ్యల మేత పొట్లం చేతికిచ్చి, "ఏమీ అక్కర్లేద్సార్, నీళ్ళు మారిస్తే చాలు" అంటారు.

ఏమీ అక్కర్లేకపోవడమేమిటండీ? తాబేలుకి ఒంట్లో హీటర్ లేదు. మన ఒళ్ళు చలిలోనూ ముప్ఫై ఏడు డిగ్రీల్లోనే ఉంటుంది. దాని ఒళ్ళు చుట్టూ ఉన్న నీళ్ళెంత ఉంటే అంతే. అరుగుదల, ఆకలి, రోగనిరోధక శక్తి అన్నీ ఆ వేడి మీదే నడుస్తాయి. స్లైడర్‌కి నీళ్ళు ఇరవై నాలుగు నుంచి ఇరవై ఏడు డిగ్రీలుండాలి, పైకెక్కి ఒళ్ళు ఆరబెట్టుకోడానికి ముప్ఫై పైన వేడి తగిలే పొడి రాయి ఉండాలి. కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు, దానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాల్ని గాజు ఆపేస్తుంది. మే నెలలో పాల్వంచ ఎండకి దానికి ఇబ్బంది లేకపోవచ్చు (వేరే ఇబ్బందులుంటాయి, అది వేరే కథ). అడవి పక్క ఊళ్ళో డిసెంబరు తెల్లవారుజామున హాల్లో గచ్చు మీద పెట్టిన తొట్టి నీళ్ళలో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. దానికి తోడు ఏడాది పొడుగునా అవే ఎండురొయ్యలు. విటమిన్ ఎ అందక ముక్కులో, ఊపిరి గొట్టాల్లో లోపలి పొర పాడవుతుంది, కళ్ళు వాస్తాయి. మామూలుగా హాని చెయ్యని బాక్టీరియా కూడా అప్పుడు ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుంది.

దీన్నే మనవాళ్ళు "జలుబు చేసింది" అంటారు.

ఈ మాట మీదే నా కోపమంతా. మనకి జలుబు చేస్తే వారంలో అదే పోతుంది. తాబేలుకి దగ్గడం చేతకాదు. మనకున్నట్టు దగ్గును బయటికి తోసే ఉదరవితానం దానికి లేదు. లోపల చేరిన చీము, కఫం లోపలే ఉండిపోతాయి. ఊపిరితిత్తులు పైడిప్ప కిందే ఉంటాయి, నీళ్ళలో తేలేది వాటివల్లే. ఒకవైపు నిండిపోతే తాబేలు ఒక పక్కకి ఒరిగి ఈదుతుంది. "భలే ఈదుతోంది, వంకరగా!" అని వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు మా వాళ్ళు. అది న్యుమోనియా కావచ్చురా నాయనా! ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి మెడ సాచి గాలి పీల్చడం, ఊపిరిలో టిక్కుటిక్కుమనే చప్పుడు, తిండి మానెయ్యడం, రోజంతా రాయి దిగకపోవడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగకూడదు. నోరు తెరిచే దాకా వచ్చిందంటే ఇప్పటికే ఆలస్యం అయినట్టు.

ఇక మన సొంత వైద్యాలు. పసుపు వేసిన నీళ్ళ ఆవిరి పట్టించినవాళ్ళని నేను చూశాను. చేపల తొట్టిలో వేసే మందు బిళ్ళ నీళ్ళలో వేస్తారు, అది ఊపిరితిత్తి దాకా పోతే కదా! అన్నిటికన్నా ప్రమాదం ఇంకోటుంది. మన వైపు గొర్రెలకీ పశువులకీ పురుగుల మందుగా ఐవర్‌మెక్టిన్ ప్రతి చోటా దొరుకుతుంది. తాబేళ్ళకి అది విషం. "పశువుకి పడేది దీనికి పడదా" అని ఎవరైనా సూది ఎత్తితే దయచేసి చెయ్యి పట్టుకోండి. విటమిన్ ఎ ఇంజెక్షన్ కూడా ఎక్కువైతే చర్మం ఊడిపోతుంది.

మరి చెయ్యాల్సిందేమిటి? ముందు వెచ్చదనం. దాని హద్దుల్లో పై చివరికి, అంటే స్లైడర్‌కి ఇరవై ఏడు, ఇరవై తొమ్మిది మధ్య, రాత్రి కూడా తగ్గకుండా. సరిగ్గా ఈదలేకపోతే నీళ్ళు తగ్గించాలి, లేకపోతే మునిగి చస్తుంది. తాబేలు మునగడమేమిటని నవ్వకండి, మునుగుతుంది. తర్వాత సరీసృపాలు చూసే డాక్టరు. ఎక్స్‌రే తీసి, కుదిరితే కఫం కల్చర్‌కి పంపి, బరువు తూచి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెడతారు. రోజుల్లో తేలదు, వారాలు పడుతుంది. మండలంలో ఉండే పశువుల డాక్టరుకి గేదెలూ మేకలూ చూసుకోడానికే టైము చాలదు, ఆయన్ని తిట్టి లాభం లేదు. హైదరాబాదు తీసుకెళ్ళాల్సిందే. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. తెచ్చేటప్పుడు హైదరాబాదు నుంచి తెచ్చినవాడికి తీసుకెళ్ళడానికి దూరమెందుకయిందో నాకర్థం కాదు.

నక్షత్ర తాబేలు పెంచేవాళ్ళది ఇంకో తలనొప్పి. పొడి నేల మీద బతికే జీవి అది, చెమ్మలో పెడితే ఇదే ఊపిరి జబ్బు దానికీ వస్తుంది. 2019లో సైటీస్ మొదటి అనుబంధంలోకి ఎక్కింది. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. ఇంట్లో ఉంచుకోవడమే నేరం కాబట్టి ఓనరు డాక్టరు దగ్గరికి పోడు, అది బీరువా చాటున ఆయాసపడుతూ చస్తుంది. అటవీశాఖకి అప్పగించడం కన్నా అది చావడమే నయమనుకునే ప్రేమ ఏం ప్రేమో!

అసలు నేను రాయాలనుకున్నది ఇదీ. పాల్వంచ తాబేలు తిండి మానేశాక ఇంట్లో తీర్మానం ఏమయిందంటే, భద్రాచలం వెళ్ళినప్పుడు గోదాట్లో వదిలేద్దాం, కూర్మావతారం కదా, పుణ్యం అని. కిన్నెరసాని డ్యామ్ దగ్గరైతే ఇంకా దగ్గర అని ఇంకొకరి సలహా. డాక్టరు ఖర్చు తప్పించుకోడానికి దేవుడిని అడ్డం పెట్టుకోవడం కాదా ఇది? జబ్బుది చలి నీళ్ళ వల్ల వస్తే, దాన్ని తీసుకెళ్ళి చలి నీళ్ళలోనే వెయ్యడం పుణ్యమెలా అవుతుంది? అది చస్తే ఒక బాధ. చావకపోతే పెద్ద బాధ. స్లైడర్ ప్రపంచంలో అత్యంత చెడ్డ వంద ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. మన చెరువుల తాబేళ్ళ తిండీ, ఎండకాగే రాయీ అది లాక్కుంటుంది. పైగా లోపలున్న క్రిమి దానితోపాటే నీళ్ళలోకి దిగుతుంది.

"ఒక్క తాబేలుతో ఏమవుతుంది" అనేవాళ్ళు మొహావే ఎడారి సంగతి చదవాలి. అక్కడి ఎడారి తాబేళ్ళని మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే ముక్కుకారే జబ్బు పట్టుకుంది. 1990లో అమెరికా ప్రభుత్వం ఆ తాబేలుని ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించడానికి చూపిన కారణాల్లో ఈ జబ్బూ ఒకటి. జనం పెంచి, విసుగొచ్చి ఎడారిలో వదిలేసిన తాబేళ్ళు దాన్ని వ్యాపింపజేసి ఉంటాయని అక్కడి పరిశోధకుల అనుమానం. టెస్ట్ చెయ్యని కోడ్‌ని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి తోసేవాడిని మనం ఎన్నెన్ని తిడతాం! గోదావరికి రోల్‌బ్యాక్ కూడా లేదు.

ఖర్చు సంగతి అడుగుతారు, తెలుసు. ఐదొందల తాబేలుకి వేలల్లో వైద్యమా అని. నీళ్ళ హీటరు, ఒక దీపం, ఒక థర్మామీటరు, ఒక పొడి రాయి. మావాడు వాస్తు సిద్ధాంతికిచ్చిన దక్షిణతో ఇవన్నీ కొని ఇంకా మిగిలేది. అవి కొనే ఓపిక లేనివాళ్ళకి ఉత్తరం దిక్కున పెట్టుకోడానికి ఇత్తడి తాబేళ్ళు దొరుకుతాయి, భద్రాచలం గుడి కింద కొట్లలో అడగండి.