డిస్కు మార్చమన్నారా? మందమెంతో అడగండి

"డిస్కులు అయిపోయాయి, మార్చాలి." కారు ఉన్న ఇళ్ళలో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినబడుతుంది. సర్వీసుకిచ్చిన చోటినుంచి ఫోను వస్తుంది. బ్రేకు ప్యాడ్లతోపాటు డిస్కులు కూడా మార్చాలంటారు. బిల్లు ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. బ్రేకుల సంగతి గదా, వద్దనడానికి ధైర్యం చాలదు. సరేనంటారు.

ఆ 'సరే'కు ముందు ఒక ప్రశ్న అడిగి తీరాలని నా అభిప్రాయం. అందుకు ఇంజనీరు కానక్కరలేదు. తొమ్మిదో తరగతో పదో తరగతో చదువుతున్న మీరు చాలు. "డిస్కు మందం ఇప్పుడెంత ఉంది? ఎంతదాకా తగ్గవచ్చు?" ఇదీ ప్రశ్న.

ముందు ఆ డిస్కు చేసే పనేమిటో చూద్దాం. అమెరికావాళ్ళు దీన్నే రోటర్ అంటారు. మన మెకానిక్కులు డిస్కనో డిస్కు ప్లేటనో అంటారు. ఇది చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప పళ్ళెం. పెడలు తొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని ఇరువైపులా నొక్కి పట్టుకుంటాయి. సైకిలు బ్రేకు కట్టలు రిమ్మును పట్టుకున్నట్టే. ఘర్షణ వల్ల కారు ఆగుతుంది. మరి కారుకున్న గతిజశక్తి ఎక్కడికి పోయింది? లెక్క వేయండి. 1000 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. అంటే సెకనుకు 16.7 మీటర్లు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగ వర్గంతో గుణిస్తే సుమారు 1,39,000 జౌళ్ళు వస్తుంది. అరలీటరుకు కాస్త తక్కువ నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకురాగల వేడి అది. ఒక్క బ్రేకుకు అంత వేడి! వేగం రెట్టింపయితే అది నాలుగింతలవుతుంది.

ఈ వేడిలో ఎక్కువ భాగాన్ని భరించేది ముందు చక్రాల డిస్కులే. బ్రేకు వేయగానే కారు బరువు ముందుకు ఒరగడం బస్సులో నిలబడ్డ ప్రతివారికీ అనుభవమే. ఒక్కో డిస్కు 5 కిలోలుండి, వేడిలో మూడోవంతుకు పైగా దాని వాటాకు వచ్చిందనుకుంటే, ఇనుము విశిష్టోష్ణాన్ని బట్టి ఒక్కసారి ఆపినందుకు 20 డిగ్రీల పైచిలుకు వేడెక్కుతుంది. ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం దాకా సాయంత్రం పూట వెళ్ళి చూడండి. ఎన్నిసార్లు బ్రేకు పడుతుందో లెక్కపెట్టడం కష్టం. వేగం తక్కువ కాబట్టి ఒక్కోసారి పుట్టే వేడి తక్కువే, కాని చల్లారే వ్యవధి ఉండదు. అందుకే ముందు డిస్కులను సాధారణంగా రెండు పలకలుగా పోత పోసి, మధ్యలో గాలి ఆడేందుకు సందులు ఉంచుతారు.

రుద్దుకునే వస్తువు అరుగుతుంది. ప్యాడ్లు త్వరగా అరుగుతాయి, డిస్కులు నెమ్మదిగా అరుగుతాయి. డిస్కు పలచబడితే వేడిని నిలుపుకొనే ఇనుము తగ్గుతుంది. బలం తగ్గి పగుళ్ళు పుట్టే అవకాశం పెరుగుతుంది. ప్యాడ్లను తోసే పిస్టను తన గూటిలోంచి మరీ బయటికి రావలసి వస్తుంది. కాబట్టి కారును తయారుచేసిన వాళ్ళు ఒక హద్దు పెట్టారు. కొత్త డిస్కు 22 మిల్లీమీటర్లుంటే, 20కి దిగగానే పారేయమంటారు. ఈ అంకెలు ఒక్కో కారుకు ఒక్కో రకంగా ఉంటాయి. 22లో 2 పోతే ఏమంత అనుకోకండి. మధ్యలోని గాలి సందు పోగా మిగిలే ఇనుము ఎంతో ఊహించుకోండి.

ఆ హద్దు రహస్యమేమీ కాదు. చాలా డిస్కుల మీదనే, నడిమి భాగంలోనో అంచు మీదనో, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో 'మిన్. టి.హెచ్.' అని రాసి పక్కన అంకె వేసి ఉంటుంది. కనిష్ఠ మందం అని అర్థం. దీన్ని చూడటానికి కారు చక్రం విప్పనక్కరలేదు. వీధిలో ఆగి ఉన్న మోటారు సైకిలు ముందు చక్రం చూడండి. డిస్కు బయటికే కనబడుతుంది. వంగి చదివితే చాలావాటి మీద ఆ అక్షరాలూ, 3.5 అనో 4 అనో మిల్లీమీటర్ల అంకే దొరుకుతాయి. బండి ఇప్పుడే ఆగినదైతే మాత్రం ముట్టుకోకండి, చెయ్యి కాలుతుంది.

ఇక కొలవడం. స్క్రూ గేజిని మనవాళ్ళు ప్రయోగశాలలో సన్నని తీగ వ్యాసం కనుక్కోవడానికి వాడి, రికార్డులో రాసి, మార్కులు వేయించుకుని మరచిపోతారు. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. శూన్యాంశ దోషం, కనీసపు కొలత అనే మాటలు పరీక్ష కోసం పుట్టలేదు. మీరుండే ప్రాంతాన్నే చూడండి. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. నేలను కొలవడం నేర్పే బడి అది. హబ్సిగూడ వైపు వెళితే 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది. అక్కడ భూమి లోపలి సంగతులను కొలతల ద్వారా తెలుసుకుంటారు. ఇటు నాచారం పారిశ్రామికవాడలో లేతుల మీద పనిచేసేవారికి వెర్నియర్ కాలిపర్స్ చేతిలో లేనిదే రోజు గడవదు. ఇన్ని కొలతల నడుమ బతుకుతూ, మన కారు డిస్కు దగ్గరికి వచ్చేసరికి 'అరిగిందట' అన్న మాటతో తృప్తిపడడం ఏమిటి?

కొలిచేటప్పుడు ఒక మోసం ఉంది, జాగ్రత్త. ప్యాడు రుద్దే మేర మాత్రమే డిస్కు అరుగుతుంది. ప్యాడు తగలని బయటి అంచు అరగకుండా గట్టులా నిలిచి ఉంటుంది. వెర్నియర్ దవడలను అలాగే పెడితే అవి గట్టు మీద కూర్చుంటాయి; అసలు కంటే ఎక్కువ మందం చూపిస్తాయి. మారవలసిన డిస్కు కూడా బాగున్నట్టే కనిపిస్తుందన్నమాట! దీనికో చిన్న ఉపాయం ఉంది. ఒకే రకం నాణేలు రెండు తీసుకుని, అరిగిన చోట డిస్కుకు అటొకటి ఇటొకటి ఆనించి, మొత్తం కలిపి కొలవండి. తరువాత రెండు నాణేలను జతగా కొలిచి, ఆ మందం తీసివేయండి. స్క్రూ గేజికి ఈ బాధ తక్కువ. దాని మొనలు గట్టు దాటి లోపలికి పోతాయి. అయితే బడిలో ఉండే గేజి సాధారణంగా 25 మిల్లీమీటర్ల దాకానే తెరుచుకుంటుంది, కొన్ని కార్ల డిస్కులు అంతకంటే మందం. ఒక్కచోట కొలిచి ఊరుకోకూడదు. చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని హద్దుతో పోల్చాలి.

మా బడిలో చదివే ఒక పిల్లవాడి తండ్రి అద్దెకారు నడుపుతారు. ఒకరోజు వచ్చి, "సార్, డిస్కులు ఖతమైనయంట. రెండూ మార్చాల్నంటున్నరు. ఈ నెల కిస్తీ కట్టాల్నా, డిస్కులు ఎయ్యాల్నా?" అని అడిగారు. మందమెంతో చెప్పారా అంటే, చెప్పలేదన్నారు. ఇద్దరం నాచారంలో ఒక పెద్దవయసు మెకానిక్కు దగ్గరకు వెళ్ళాం. ఆయన ముందు డిస్కు మీద గోరు గీసి చూసి, "ఇది ఇంకా నడుస్తది సార్, ముప్పై ఏండ్ల చెయ్యి నాది" అన్నాడు. ఆ చేతి మీద నాకు గౌరవమే. అయినా కొలవమని అడిగాను. నవ్వుతూ డబ్బాలోంచి మైక్రోమీటరు తీశాడు. అది మన స్క్రూ గేజే. డిస్కు మీద హద్దు 20 అని ఉంది. ఎడమవైపు తక్కువలో తక్కువ 21.2, కుడివైపు 21.3 వచ్చాయి. ప్యాడ్లు మాత్రం నిజంగానే అయిపోయాయి. ప్యాడ్లు వేయించుకుని ఆయన వెళ్ళిపోయారు. కిస్తీ కట్టారు.

ఆ మధ్యాహ్నమే అదే షెడ్డుకు ఇంకో కారు వచ్చింది. యజమానికి డిస్కులు మార్చడం ఇష్టం లేదు. "బ్రేకు బాగానే పడుతోంది, మరో ఏడాది లాగించొచ్చు" అంటాడు. కొలిస్తే 19.6. హద్దు అదే 20. మెకానిక్కు ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. నా వాదన డిస్కులు మార్చవద్దని కాదు. 'అయిపోయింది' అన్నవారూ 'ఇంకా నడుస్తుంది' అన్నవారూ ఇద్దరూ కొలవకుండా మాట్లాడినవాళ్ళే.

ఏ గుర్తులు చూసి డిస్కు పోయిందంటారో అవి కూడా పరీక్షకు నిలబడాలి. వానపడిన మర్నాడు డిస్కు మీద ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. పోత ఇనుముకు రాత్రికి రాత్రే ఆ పొర పడుతుంది. నాలుగైదు బ్రేకులకు రాలిపోతుంది. దాన్ని చూపించి బెదిరిస్తే బెదరకండి. నెలల తరబడి కదలని కారుకు పట్టిన తుప్పు, గుంటలు పడేట్టు తిన్న తుప్పు వేరు. ఇక కీచుమనే చప్పుడు. చాలా ప్యాడ్లకు చిన్న రేకుముక్క అమర్చి ఉంటుంది. ప్యాడు అరగగానే అది డిస్కుకు తగిలి కూస్తుంది. ఆ కూత ప్యాడు గురించి చెబుతున్నది, డిస్కు గురించి కాదు. అది విని కూడా నెలలు గడిపేస్తే ప్యాడు వెనకనున్న ఇనుము డిస్కును కోసేస్తుంది; అప్పుడు రెండూ పోతాయి.

బ్రేకు వేస్తే స్టీరింగు వణకడం మరో గుర్తు. "వేడికి డిస్కు వంకరపోయింది" అనేస్తారు. అన్నిసార్లూ నిజం కాదు. చాలాసార్లు జరిగేది, మందం చుట్టూ ఒకే తీరుగా లేకపోవడం, లేదా ప్యాడు పదార్థం డిస్కు మీద అక్కడక్కడ అంటుకుపోవడం. మిల్లీమీటరులో నూరోవంతులు ఒకటి రెండు తేడా వచ్చినా చేతికి తెలుస్తుంది. ఎనిమిది చోట్ల కొలవమన్నది అందుకే. కొన్నిసార్లు డిస్కుకూ, అది కూర్చునే హబ్బుకూ మధ్య తుప్పో మట్టో చేరి డిస్కు ఒకవైపుకు ఒరుగుతుంది. విప్పి శుభ్రం చేసి బిగిస్తే సరిపోతుంది. బ్రేకు వేయకపోయినా వణుకుతోందంటే డిస్కును అనుమానించే ముందు చక్రాల బ్యాలెన్సింగు చూడాలి.

మందం ఎంతున్నా మార్చి తీరవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. అంచుదాకా పాకిన పగులు, లోతైన గాడులు, లోపలి గాలి సందుల గోడలు తుప్పుతో తినిపోవడం అలాంటివి. డిస్కులు జంటగా మార్చమనడంలోనూ న్యాయముంది. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే రెండు చక్రాలు సమానంగా ఆగకపోవచ్చు. కారు పక్కకు లాగుతుంది. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కులు మార్చాలనడానికి మాత్రం అలాంటి కారణం లేదు.

లేతు పట్టించి నునుపు చేస్తే సరిపోదా అని మీలో చురుకైనవారు అడుగుతారు. చేయవచ్చు. కాని లేతు చేసే పని ఇనుము తీసేయడమే. 20.3 ఉన్న డిస్కును రెండువైపులా 0.2 చొప్పున చెక్కితే ఎంత మిగులుతుందో మీరే చెప్పండి.

సర్వీసు సెంటర్లవారిది అంతా దురాశ అనను. బ్రేకు విఫలమైతే తామే జవాబు చెప్పుకోవాలన్న భయం వారికుంటుంది. మళ్ళీ ప్యాడ్లు మార్చే దాకా డిస్కు హద్దు దాటకుండా ఉంటుందా అని ముందుచూపుతో కూడా చెబుతారు. అది మంచి ప్రశ్నే. 60,000 కిలోమీటర్లలో 0.8 మిల్లీమీటర్లు అరిగిన డిస్కుకు ఇంకా 1.2 మిగిలి ఉంటే, అదే తీరున ఇంకెంత దూరం వస్తుందో త్రైరాశికం వేసి చూడవచ్చు. హద్దుకు 0.1 దూరంలోనే ఉంటే ఇప్పుడే మార్చమనడం సబబే. కాని అప్పుడు కూడా అంకె చెప్పి మార్చమనాలి. "ప్రాణం కంటే డబ్బెక్కువా?" అని అడగడం మాత్రం జవాబు కాదు. జ్వరమొచ్చిందని వెళితే థర్మామీటరు పెట్టకుండా మందు రాసే డాక్టరును మీరు మెచ్చుకుంటారా?

ఒక హెచ్చరిక. జాకీ ఎత్తడం, చక్రం విప్పడం మీ పని కాదు. అది పెద్దవాళ్ళు, తెలిసినవాళ్ళు చేయాలి. బ్రేకు దుమ్మును నోటితో ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె చేతులతో డిస్కును తాకకండి, పట్టు తగ్గుతుంది. మీ పని అడగడం, కొలత చదవడం, నోటుబుక్కులో తేదీ, కిలోమీటర్లు, మందం రాసి ఉంచడం. రెండు సర్వీసుల అంకెలు పక్కపక్కన ఉంటే, మూడోసారి ఫోను వచ్చినప్పుడు మీ నాన్నగారికి మీరే సమాధానం చెప్పగలరు.

మీ ఇంటి కారు వెనక చక్రాలకు డిస్కులు లేకపోవచ్చు. చాలా చిన్నకార్లకు అక్కడ డ్రమ్ములే ఉంటాయి. వెనకటి అంబాసిడర్లకు ముందు కూడా డ్రమ్ములే ఎక్కువ. డ్రమ్ము మీద కూడా ఒక హద్దు రాస్తారు. అయితే అక్కడ రాసేది కనిష్ఠ మందం కాదు, గరిష్ఠ వ్యాసం. ఎందుకో ఆలోచించి, సైన్సు పీరియడ్లో మీ మాస్టారికి చెప్పండి.