రోడ్డు పడితే తీరం అందరిదీ అవుతుందా?

ఉత్తర కాలిఫోర్నియా తీరం గురించి మాట వస్తే చాలు, ఒక వాదన తప్పకుండా వినిపిస్తుంది. నడిచో, పడవ మీదో తప్ప చేరలేని క్యాంప్‌గ్రౌండ్లు కండబలం, తీరిక ఉన్న కొద్దిమందికే పనికొస్తాయట. కారు టెంటు దాకా వెళ్లే రోడ్డు వేస్తేనే సముద్రం అందరికీ అందుతుందట. ఫ్రీమాంట్, సన్నీవేల్ తెలుగు ఇళ్లలో వేసవిలో ఈ మాటకు బలం ఎక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటారు, వాళ్ల మోకాళ్లు సహకరించవు, వీపున మూట కట్టుకుని కొండ దిగమని వాళ్లను ఎవరు అడగగలరు?

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ రోడ్డు పడిన చోట ఆ తీరం ఎవరి చేతికి వెళ్లిందో చూసినవారు ఈ వాదనను ఒప్పుకోలేరు.

సోనోమా కౌంటీలో సీ రాంచ్ అనే చోట హైవే 1 సముద్రం పక్కనే సాగుతుంది. రోడ్డుకు కొదవ లేదు. అయినా 1960లలో అక్కడ సుమారు 16 కిలోమీటర్ల తీరం వెంట ప్రైవేటు ఇళ్ల లేఅవుట్ వేసేసరికి, మామూలు జనానికి నీటి దాకా వెళ్లే దారి మూసుకుపోయింది. ఆ ఆగ్రహమే తీర రక్షణ కోసం 1972లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 20కీ, 1976లో కోస్టల్ చట్టానికీ ఊపిరి పోసింది. శాన్ మాటియో కౌంటీలో మార్టిన్స్ బీచ్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడి ఇసుకకు వెళ్లేందుకు ఉన్నది ఒకే రోడ్డు, అదీ ప్రైవేటు భూమిలోంచి. 2008లో ఆ భూమిని పెట్టుబడిదారు వినోద్ ఖోస్లా కొన్నారు. ఆ తర్వాత గేటు పడింది. ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచి, 2018 అక్టోబర్‌లో అమెరికా సుప్రీం కోర్టు ఆయన పిటిషన్‌ను విచారణకు తీసుకోవడానికి నిరాకరించింది. పోటు గీతకు దిగువనున్న తడి ఇసుక ప్రజలదేనని కాలిఫోర్నియాలో చట్టం చెబుతుంది. అంటే ఇసుక జనానిది, దాన్ని చేరే రోడ్డు మాత్రం ఒక మనిషిది. రోడ్డు ఉన్నంత మాత్రాన దక్కింది ఏమిటి?

రోడ్డు పడిందంటే వెనకే వెంచర్ వస్తుంది. ఇది మన ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేని సంగతి. కాలిఫోర్నియాలోనూ అదే జరిగింది. కింగ్ రేంజ్ కొండలు మరీ నిట్టనిలువుగా ఉండటంతో హైవే 1 అక్కడ లోపలికి మళ్లిపోయింది. అందుకే దానికి లాస్ట్ కోస్ట్ అని పేరు. అయినా ఆ తీరంలోనే షెల్టర్ కోవ్ అనే చోటు దాకా ఒక రోడ్డు ఉంది. 1960లలో డెవలపర్లు అక్కడ విమానాలు దిగడానికి రన్‌వే కూడా వేసి, కొనేవాళ్లను రప్పించి, వేల ప్లాట్లు అమ్మారు. వాటిలో ఎన్నో ఇల్లు కట్టడానికి వీల్లేని ఏటవాలు మీద ఉన్నాయి. షెల్టర్ కోవ్‌కు ఉత్తరాన, రోడ్డు చేరని తీరం 1970లో కింగ్ రేంజ్ నేషనల్ కన్జర్వేషన్ ఏరియాగా చట్టరక్షణ పొందింది. మటోల్ నది నుంచి బ్లాక్ శాండ్స్ బీచ్ దాకా సుమారు 40 కిలోమీటర్లు ఇప్పటికీ కాలినడకే. వాగులు సముద్రంలో కలిసే చోట టెంటు వేసుకుంటారు. ఎలుగుబంట్లకు దొరకకుండా తిండిని గట్టి డబ్బాల్లో పెట్టడం తప్పనిసరి. పోటు వేళ కొన్ని మైళ్ల దారి నీళ్ల కిందికి పోతుంది కాబట్టి ఆటుపోట్ల పట్టిక చేతిలో లేకుండా అడుగు వేయకూడదు. కష్టమే. కానీ ఆ ఇసుకకు యజమాని లేడు.

మరిన్ కౌంటీలోని పాయింట్ రేయస్‌ది మరో కథ. 1962 సెప్టెంబర్ 13న అధ్యక్షుడు కెనడీ సంతకంతో అది నేషనల్ సీషోర్ అయ్యే నాటికే అక్కడి లిమంటూర్ బీచ్ దగ్గర ప్లాట్లు వేసి ఇళ్లు కట్టడం మొదలైంది. ప్రభుత్వం వాటిని కొని ఆపింది. 1976లో కాంగ్రెస్ అందులో పెద్ద భాగాన్ని విల్డర్‌నెస్‌గా ప్రకటించింది. అలాంటి చోట కొత్త రోడ్డు వేయరు, కార్లు నడపరు. సీషోర్‌లో ఉన్న నాలుగు క్యాంప్‌గ్రౌండ్లు, కోస్ట్, స్కై, గ్లెన్, వైల్డ్‌క్యాట్, నాలుగింటికీ కారు వెళ్లదు. సీషోర్‌లోకి ప్రవేశ రుసుము లేదు. ఒక టెంటు స్థలంలో ఆరుగురి దాకా ఉండవచ్చు, దాని అద్దె దగ్గరి ఊళ్లలో లాడ్జి గదికయ్యే ఖర్చులో చిన్న వంతు. సముద్రం పక్కన రాత్రి గడపడానికి ఆ ప్రాంతంలో ఇంత చవకైన చోట్లు అరుదు. దీన్ని ధనికుల విలాసం అనడం అన్యాయం.

సీషోర్ పక్కనే ఉన్న టొమాలెస్ బే చూస్తే తేడా ఇంకా కళ్లకు కడుతుంది. శాన్ ఆండ్రియాస్ భ్రంశం మీద పరుచుకున్న ఈ ఇరుకైన నీటిపాయ పొడవు సుమారు 24 కిలోమీటర్లు, వెడల్పు సుమారు ఒక మైలు ఉంటుంది. తూర్పు ఒడ్డున హైవే 1 ఉంది. అక్కడ ఇళ్లు, రెస్టారెంట్లు, ఆయిస్టర్ ఫారాలు వరస కట్టాయి, నీటి అంచున కాలు మోపే చోటు వెతుక్కోవాలి. పడమటి ఒడ్డున సీషోర్ కింద ఉన్న చిన్న చిన్న ఇసుక తీరాల్లో పడవ మీద వచ్చినవాళ్లు పర్మిట్ తీసుకుని టెంటు వేసుకుంటారు. తాగునీళ్లు తామే తెచ్చుకోవాలి. మోసుకెళ్లే టాయిలెట్ కూడా పడవలోనే, అందులోని వ్యర్థమంతా తిరిగి వెంట తీసుకురావాలి. ఈ నిబంధన విని ముఖం చిట్లించేవారు ఉన్నారు, కానీ ఆ ఒడ్డు శుభ్రంగా ఉన్నది దాని వల్లే. మధ్యాహ్నం గాలి లేచేలోపు, పొద్దున్నే బయల్దేరితే, ఎక్కువ దూరం నడవలేనివారు కూడా ఇద్దరు కూర్చునే కయాక్‌లో అనుభవం ఉన్న మనిషితో కలిసి దాటగలరు.

రోడ్డు కోరేవాళ్లు ఇంకొకటి ఆలోచించరు. ఈ తీరపు కొండలు రోడ్డును నిలబడనివ్వవు. బిగ్ సర్‌లో 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర కొండ జారి హైవే 1 సముద్రంలో కూలిపోయింది, మళ్లీ తెరవడానికి 2018 జూలై దాకా పట్టింది. పసిఫికా దక్షిణాన డెవిల్స్ స్లైడ్ దగ్గర రోడ్డు పదే పదే జారిపోతుంటే విసిగి, కొండలోంచి సొరంగాలు తొలిచి 2013లో తెరిచారు. వదిలేసిన పాత రోడ్డును 2014లో నడకదారిగా, సైకిల్ దారిగా మార్చారు. తీరం రోడ్డు ఎంత నిలుస్తుందో తెలుగువారికి ఉప్పాడ చెబుతుంది. కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డును తుఫాన్లు ఎన్నిసార్లు కోసేశాయో, ఎన్నిసార్లు రాళ్లు పోశారో ఆ ఊరివాళ్లను అడగాలి.

ఇక అమ్మానాన్న మోకాళ్ల సంగతి. అది నిజమైన ఇబ్బంది, కొట్టిపారేసేది కాదు. కానీ దానికి జవాబు పాయింట్ రేయస్‌లోనే ఉంది. లిమంటూర్‌కు, డ్రేక్స్ బీచ్‌కు కారు వెళుతుంది. పగలంతా వాళ్లను అక్కడ సముద్రం ముందు కూర్చోబెట్టవచ్చు. ఉన్న రోడ్లు చాలు, ఉన్న ప్రతి ఇసుక తీరానికీ రోడ్డు అక్కర్లేదు. దగ్గరి దారిలో కోస్ట్ క్యాంప్ సుమారు 3 కిలోమీటర్లు, బడి పిల్లలు నడవగల దూరం. కోస్ట్ క్యాంప్‌కు, వైల్డ్‌క్యాట్‌కు సైకిల్ అనుమతించే దారులూ ఉన్నాయి. అసలు కారే లేనివారి మాటేమిటి? శాన్ రఫేల్ నుంచి బస్సెక్కి సీషోర్‌లోని బేర్ వ్యాలీలో దిగితే గ్లెన్ క్యాంప్ ఏడున్నర కిలోమీటర్ల నడక. రోడ్డే సమానత్వం అనేవాళ్ల లెక్కలో కారు లేని మనిషి కనిపించడు.

జనాన్ని నిజంగా ఆపుతున్న అడ్డంకులు వేరే ఉన్నాయి. వారాంతపు స్థలాలు నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయి. టెంటు, స్లీపింగ్ బ్యాగ్, స్టవ్ కొనడానికి మొదటిసారి చేతి చమురు బాగానే వదులుతుంది. పోటు ఎప్పుడు వస్తుందో, గాలి ఎటు తిరుగుతుందో నేర్పేవాళ్లు ఉండరు. తీరం అందరిదీ కావాలని కోరేవారు పోరాడాల్సింది వీటి మీద. కొన్ని స్థలాలు ఆ రోజుకారోజు వచ్చినవారికి ఉంచమని, సామాను తక్కువ అద్దెకు ఇచ్చే ఏర్పాటు చేయమని, శని, ఆదివారాల్లో బస్సులు పెంచమని అడగాలి. తెలుగు సంఘాలు ఏటా చేసే పిక్నిక్‌లలో ఒకదాన్ని ఇలాంటి చోటికి మార్చి, తెలిసినవారు కొత్తవారికి దారి చూపితే ఎంతో మేలు.

వారం మధ్యలో ఒక రోజు చూసుకుని కోస్ట్ క్యాంప్‌లో ఒక రాత్రి బుక్ చేసుకోండి. పిల్లలకు తలా ఒక చిన్న సంచి ఇచ్చి నడిపించండి. అక్కడ తెల్లారాక కూడా రోడ్డు కావాలనే అనిపిస్తే, అప్పుడు అడగండి.