నేలకు చేరిన ఉల్క నిప్పుకణిక కాదు

ఆకాశం నుంచి రాలిన రాయి కణకణలాడుతూ ఉంటుందని, పడ్డచోట గడ్డివాములను తగలబెడుతుందని జనంలో గట్టి నమ్మకం. సినిమాలు దీన్ని పెంచి పోషించాయి, వార్తల శీర్షికలూ తక్కువేమీ తినలేదు. ఈ నమ్మకానికి మూలం ఆకాశంలో కనిపించే మెరుపు ఒక్కటే.

మెరుపు నిజమే. ఉల్క సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి దూసుకొస్తుంది. ముందున్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. అది నొక్కుకుపోయి విపరీతంగా వేడెక్కుతుంది, రాతి పైపొర కరిగి ఆవిరై కొట్టుకుపోతుంది. పోతూపోతూ ఆ పొర వేడిని కూడా పట్టుకుపోతుందన్న సంగతే చాలామంది లెక్కలోకి తీసుకోరు. పైగా మంట నిలిచేది కొన్ని సెకన్లే, రాయి వేడిని లోపలికి పంపేది బహు నిదానంగా. నేల ఇంకా 15, 20 కిలోమీటర్ల దూరంలో ఉండగానే చిన్న ఉల్కల వేగం తగ్గి వెలుగు ఆరిపోతుంది. మిగతా దారంతా అవి చల్లటి గాలిలో మామూలు రాళ్లలాగే పడతాయి.

కొత్తగా పడిన రాతి ఉల్కను పగలగొట్టి చూస్తే విషయం తేలిపోతుంది. పైన నల్లటి పెచ్చు, మందం మహా అయితే ఒక మిల్లీమీటరు. దాని కింద వేడి సోకిన జాడ లేని బూడిదరంగు రాయి. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్‌లో పడిన ఉల్కలో అమైనో ఆమ్లాలు దొరికాయి. లోపలిదాకా కాలి ఉంటే అవి మిగిలేవే కావు. 1917 జులైలో అమెరికాలోని కోల్బీలో పడిన రాయి మీదైతే మంచు పేరుకుందని నమోదైంది! కొన్ని గోరువెచ్చగా ఉండవచ్చు, అంతమాత్రాన నిప్పు అంటుకోదు.

2013లో రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల ఉల్క పేలినప్పుడు దాదాపు 1500 మంది గాయపడ్డారు. ఎక్కువమందిని గాయపరిచింది రాయి కాదు, పేలుడు తరంగానికి పగిలిన కిటికీ అద్దాలు. భయపడాల్సింది ఆ తరంగానికే.

మహారాష్ట్రలోని లోనార్‌లో పడిన భారీ ఉల్క సంగతి వేరు. అంతటి భారీ ఉల్కలను గాలి ఆపలేదు. అక్కడ నల్లరాతి నేలలో సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి పడింది, రాయి కరిగి గాజైంది. అయితే ఆ వేడి ప్రయాణంలో పుట్టింది కాదు, తాకిడిలో పుట్టింది. దాన్ని చూపి పిడికెడు ఉల్కకు నిప్పు అంటగట్టడం కుదరదు.

ఈ అపోహతో నష్టమూ ఉంది. చల్లార్చాలని నీళ్లు పోస్తే ఉల్కలోని ఇనుప రేణువులు తుప్పుపడతాయి, నీటిలో కరిగే లవణాలు కొట్టుకుపోతాయి. శుభ్రమైన, పొడి సంచిలోకి తీసి పరిశోధకులకు అప్పగించడమే సరైన పద్ధతి.