సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌సీ 390 ఆ, అపాచీ ఆర్‌ఆర్ 310 ఆ? వన్ టౌన్ నుంచి నా ఓటు

స్పెక్ షీట్లు పక్కపక్కన పెడితే ఈ పోటీ రెండు నిమిషాల్లో అయిపోతుంది. పాత తరం కేటీఎం ఆర్‌సీ 390 (2017–2021): 373 సీసీ, 43 పీఎస్ పైనే. బీఎస్6 టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310 (2020–2024): 312 సీసీ, 34 పీఎస్. "ఇంకేముంది, ఆర్‌సీనే కదా?" అంటారు. నా ఓటు మాత్రం ఆర్‌ఆర్‌కే. ఎందుకో చెప్తా.

ముందు ట్రాక్ సంగతి. బెజవాడ వాళ్లం ట్రాక్ డే అంటే చూసేది చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై వైపే. ఒక ల్యాప్ 3.7 కి.మీ. అక్కడికి చేరడానికి మాత్రం ఎన్‌హెచ్16 మీద దాదాపు 450 కి.మీ., రావడానికి మళ్లీ అంతే. ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి రెండుసార్లు వెళ్లగలిగితే గొప్పే. మిగతా 363 రోజులు బండి తిరిగేది ఊళ్లోనే.

స్ట్రెయిట్‌లో ఆర్‌సీ లాగేస్తుంది, డౌటే లేదు. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి టైమ్ పోయేది స్ట్రెయిట్‌లో కాదు. బ్రేక్ ఎక్కడ వెయ్యాలో, ఏ లైన్ పట్టాలో తెలియక. అది నేర్చుకోవడానికి 34 పీఎస్ చాలు.

ఇక వీధి. మే నెల ఎండలో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర తోపుడుబళ్లు, ఆటోల మధ్య ఫస్ట్ గేర్‌లో పాకుతుంటే ఆ అదనపు పవర్ ఎందుకూ పనికిరాదు. రేడియేటర్ ఫ్యాన్ వేడిగాలి మాత్రం కాళ్లకి తగులుతూనే ఉంటుంది. పైగా ఆర్‌సీ హ్యాండిల్ కిందకి ఉండటంతో బరువంతా మణికట్ల మీదే. ఆర్‌ఆర్‌లో కూర్చునే తీరు నయం. దానికి నాలుగు మోడ్‌లు కూడా ఉన్నాయి: అర్బన్, రెయిన్‌లలో పవర్ 25.8 పీఎస్‌కి తగ్గుతుంది. స్పోర్ట్, ట్రాక్‌లలో మొత్తం వస్తుంది. ఒకే బండితో రెండు పనులూ చేయించాలనుకునేవాడికి ఇది నిజంగా పనికొచ్చే ఫీచర్.

ఆర్‌సీ ఎవరికి? ఇంట్లో రోజువారీ తిరగడానికి ఇంకో స్కూటర్ ఉండి, దీన్ని ట్రాక్ కోసమే ఉంచుకునేవాళ్లకి. అప్పుడు నేనూ ఆర్‌సీకే ఓటేస్తా.

ఏది కొన్నా, పాత ఫోన్‌కి బ్యాటరీ హెల్త్ చూసినట్టు దీనికీ చెకింగ్ ఉంది. హ్యాండిల్ చివర్లు, లీవర్లు, ఫుట్‌రెస్ట్‌ల మీద గీతలుంటే పడిన బండి అయ్యుండొచ్చు. ఫ్రంట్ ఫోర్క్ దగ్గర ఆయిల్ చెమ్మ, చైన్ స్ప్రాకెట్ పళ్లు చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి. ఛాసిస్ నంబర్ రిజిస్ట్రేషన్ కార్డుతో సరిపోల్చండి. హైదరాబాద్ బండి చవగ్గా వస్తోందంటే ఆగండి: అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ రీరిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి.

బడ్జెట్ మొత్తం బండికే పోసేయకండి. మంచి హెల్మెట్, లెదర్ సూట్, గ్లోవ్స్, బూట్లు, కొత్త టైర్లకి పక్కన పెట్టాకే బేరానికి దిగండి. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలు రేసింగ్‌కి వర్తించవు. ట్రాక్‌లో పడితే రిపేర్ ఖర్చు మీదే.

ఒక్కటి గుర్తుంచుకోండి. కనకదుర్గ ఫ్లైఓవర్ ఖాళీగా కనిపించే అర్ధరాత్రి కూడా అది ట్రాక్ కాదు. అక్కడ రనాఫ్ ఏరియా ఉండదు, జెండా ఊపేవాడుండడు, ఎదుటివాడికి మీరు రేస్‌లో ఉన్నారని తెలియదు. స్పీడ్ చూడాలనుంటే ఆ 450 కి.మీ. వెళ్లాల్సిందే. ఆ దూరం కూడా హాయిగా లాగించే బండి కావాలి కాబట్టే నా ఓటు ఆర్‌ఆర్‌కి.