రైతు దంపతుల కవిలెకట్ట

రాజుల వంశచరిత్ర వ్రాయడానికి శాసనాలున్నవి. మంత్రుల వంశచరిత్ర వ్రాయడానికి కావ్యాల అవతారికలున్నవి. భూమిని దానమిచ్చినవాని తాతముత్తాతలను రాతిమీద నిలిపిన చేయి ఆ భూమిని దున్నినవాని పేరును మాత్రం సాధారణంగా చెక్కలేదు. ఇది ఏ ఒక్క దేశానికో చెందిన దోషం కాదు. చరిత్రరచన ఎక్కడ పుట్టినా దానితోపాటు పుట్టిన దోషం. కనుకనే, కేవలం సామాన్యులైన ఒక రైతు దంపతుల పూర్వులను వెదకి పట్టుకొన్న ఉదంతం ఏ దేశానిదైనా సరే, చరిత్రను బోధించేవారూ, అభ్యసించేవారూ కొంతసేపు నిలిచి చూడదగినది.

ఈ దంపతులు అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణభాగంలో, అలబామా రాష్ట్రంలోని పైక్ కౌంటీలో, ట్రాయ్ అనే పట్టణానికి చేరువ పల్లెపట్టున సేద్యం చేసుకొని బ్రతికినవారు. భర్త ఎడ్డీ లూయిస్. భార్య విల్లీ మే. ఆమె పుట్టింటివారు కార్టర్లు. ఉభయులూ నల్లజాతివారు. మొదట పరుల భూమిని పాలికి చేసినారు. భూమి యజమానిది, రెక్కలు రైతువి, పంటలో పాలు ఇద్దరిది, లెక్కల పుస్తకం మాత్రం యజమాని చేతిలోది: దక్షిణాదిలో పాలుసాగు పద్ధతి స్థూలంగా ఇది. ఆ పద్ధతిలో ఏటేటా అప్పు మిగలడమే గాని సొమ్ము మిగలడం అరుదు. అట్టిచోట కూడబెట్టి 1944లో 300 డాలర్లకు 110 ఎకరాలు కొన్నారు. పత్తి, మొక్కజొన్న, వేరుసెనగ పండించినారు. పదిమంది బిడ్డలను పెంచినారు. ఆ పదిమందిలో మూడవవాడు 1940లో పుట్టిన జాన్ లూయిస్. పౌరహక్కుల ఉద్యమంలో తలపగిలేదాకా దెబ్బలు తిని, 1987 మొదలు 2020లో కన్నుమూసేవరకు అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడుగా ఉన్నవాడు అతడే.

కుమారునివల్ల తలిదండ్రుల పేర్లు లోకానికి తెలిసినవి. మరి ఆ తలిదండ్రుల పూర్వులు ఎవరు? ఈ ప్రశ్న వేయడం సులభం. నల్లజాతి రైతు కుటుంబం విషయంలో దీనికి సమాధానం వెదకడం ఎంత కష్టమో తెలియాలంటే, ఆ దేశపు కాగితాలు ఎట్టివో ముందు తెలియాలి.

అమెరికాలో పదేండ్ల కొకసారి జనాభా లెక్కలు తీస్తారు. 1850 నుంచి స్వతంత్రులైన ప్రతి మనిషి పేరూ వానిలో వ్రాసినారు. కాని 1850, 1860 సంవత్సరాలలో బానిసలకు వేరే పట్టిక పెట్టినారు. అందులో యజమాని పేరున్నది. అతని క్రింద మనుషుల వయస్సులున్నవి, ఆడామగా తేడా ఉన్నది, మేనిచాయ ఉన్నది. పేర్లు మాత్రం దాదాపు ఎక్కడా లేవు. పశువుల మందను లెక్కపెట్టినట్లే మనుషులను లెక్కపెట్టినారు. బానిసత్వంలోనుంచి వెలువడినవారి పేర్లు మొదటిసారిగా జనాభా లెక్కలలో కనుపించేది 1870లో. అందుకే వంశచరిత్రలను శోధించేవారు ఆ సంవత్సరం దగ్గర గోడకు తలకొట్టుకొన్నట్లు ఆగిపోతారు. ఆ గోడకు అవతల తాతను వెదకాలంటే, అతనిని ఆస్తిగా ఉంచుకొన్నవాని వీలునామాలూ, అప్పుపత్రాలూ, అమ్మకపు దస్తావేజులూ వెదకాలి. మనుమడు తాతను చేరుకోవడానికి యజమాని ఇంటి మీదుగా తప్ప వేరు దారి ఉండదు. ఇంతకంటె చేదైన ప్రయాణం ఏమి ఉంటుంది?

గోడకు ఇవతల కూడా దారి నున్ననిది కాదు. 1890 నాటి జనాభా లెక్కలలో చాలభాగం 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడైపోయినది. అందువల్ల 1880కీ 1900కీ నడుమ ఇరువది సంవత్సరాల చీకటి. ఆ చీకటిలో పుట్టి, పెండ్లాడి, ఊరు మారినవారి జాడను కౌంటీ కచేరీలోని వివాహపు పుస్తకాలలో, పన్నుల చిట్టాలలో, చర్చి జాబితాలలో, సమాధిరాళ్ళమీద ఏరుకోవాలి. 1880 వ్యవసాయపు లెక్కలలో రైతు సొంతభూమిని దున్నుతున్నాడా, రొక్కపు కౌలుకు చేస్తున్నాడా, పాలికి చేస్తున్నాడా అన్నది వేర్వేరు గడులలో గుర్తించినారు. ఆ ఒక్క గుర్తు చాలు, ఒక కుటుంబం ఎట్లు బ్రతికినదో చెప్పడానికి. ఎండిన కాగితాలని వీనిని తీసివేయరాదు. చదవనేర్చినవానికి వానిలో చెమట వాసన తగులుతుంది.

లూయిస్ కుటుంబపు పూర్వులను గూర్చి హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హెన్రీ లూయిస్ గేట్స్ ఆధ్వర్యాన పరిశోధన జరిగినది. ఫలితాలు 2012లో టెలివిజన్ కార్యక్రమంగా ప్రసారమైనవి. విల్లీ మే పుట్టింటివైపు నాలుగు తరాల వెనుకకు, అనగా జాన్ లూయిస్ తాతకు తాత వరుసవాని దగ్గరకు, ఆ శోధన చేరినది. అతని పేరు టోబియాస్ కార్టర్. అతని భార్య ఎలిజబెత్. ఇద్దరూ బానిసత్వంలో బ్రతికినవారే. బానిసత్వాన్ని రద్దుచేసిన పదమూడవ రాజ్యాంగ సవరణ 1865 డిసెంబరు 6న ఆమోదం పొందినది. ఆపైన కొద్ది రోజులకే ఈ ఇద్దరూ చట్టబద్ధంగా వివాహం చేసుకొన్నట్లు దాఖలా దొరికినది. అంతవరకు బానిసల పెండ్లికి చట్టం ముందు విలువ లేదు. యజమాని తలచుకొంటే భర్తను ఒకచోట, భార్యను ఒకచోట అమ్మవచ్చును. కనుక ఆ పుస్తకంలోని ఒక్క పంక్తి కేవలం వివాహపు నమోదు కాదు. ఇక తమను ఎవరూ విడదీయలేరని ఆ దంపతులు కచేరీకి వెళ్ళి చేసిన ప్రకటన అది.

రెండవ దాఖలా అంతకంటె ఆశ్చర్యకరమైనది. 1867లో పునర్నిర్మాణ చట్టాల ప్రకారం అలబామాలో ఓటర్లను నమోదు చేసినారు. నల్లజాతి పురుషులకు ఆ రాష్ట్రంలో అదే మొదటి అవకాశం. ఆ పుస్తకంలో టోబియాస్ కార్టర్ పేరున్నది. రెండేండ్ల క్రితం పరుని ఆస్తిగా ఉన్న మనిషి ఓటరుగా నమోదైనాడు! ఆ కాగితాన్ని చూపినప్పుడు, ఓటుహక్కుకోసం జీవితమంతా ధారపోసిన జాన్ లూయిస్ కంటతడి పెట్టినాడు. తన వంశంలో అట్టివాడొకడున్నాడని అతనికి అంతవరకు తెలియదు.

అసలు ఆలోచించవలసినది ఇక్కడనే. ఎందుకు తెలియలేదు? కాలం గడిస్తే మరపు సహజమే గదా అని ఎవరైనా అనవచ్చును. కాని ఈ మరపు సహజంగా వచ్చినది కాదు. 1901లో అలబామా క్రొత్త రాజ్యాంగం వ్రాసుకొన్నది. ఓటుపన్ను విధించినది, చదువు పరీక్ష పెట్టినది, ఆస్తి ఉండాలన్నది. అంతకుముందు ఓటుకు తగిన వయస్సుగల నల్లజాతి పురుషులు ఆ రాష్ట్రంలో 1,80,000 మందికి పైగా ఉండగా, 1903 నాటికి నమోదు పుస్తకాలలో మిగిలినవారు 3,000 మందికి లోపు. హక్కు పోయినది, హక్కుతోపాటు, హక్కు ఒకప్పుడు ఉండెనన్న జ్ఞాపకమూ పోయినది. భయంతో బ్రతికే ఇంటిలో తాత ఓటు కథ పిల్లలకు చెప్పడం క్షేమం కాదు.

ట్రాయ్ పట్టణంలో తెల్లవారికీ నల్లవారికీ వేరువేరుగా పెట్టిన బోర్డులు చూచి బాలుడైన జాన్ లూయిస్ ఇట్లెందుకని అడిగితే, లోకం తీరు అంతేనని, చిక్కులలో పడవద్దని తలిదండ్రులు చెప్పినారట. పదహారేండ్ల వయస్సులో, 1956లో, పట్టణ గ్రంథాలయానికి వెళ్ళి సభ్యత్వం అడిగితే, అది తెల్లవారికి మాత్రమేనని పంపివేసినారు. ఎడ్డీ, విల్లీ మే పిరికివారు కారు; పాలుసాగులోనుంచి 110 ఎకరాల సొంతభూమికి నడచివచ్చినవారు పిరికివారు కాలేరు. కాని తమకు ముందే తమ వంశంలో ఒకడు సగర్వంగా ఓటరుగా నమోదైనాడని వారికి ఎవరు చెప్పినారు? చెప్పి ఉంటే, లోకం తీరు ఎప్పుడూ అంతేనన్న మాట అంత సులభంగా నోటికి వచ్చేదా? పూర్వస్మృతిని హరించడం దోపిడులలో కెల్ల పెద్ద దోపిడి. ధాన్యం దోచినవాడు మళ్ళీ ఏడు మళ్ళీ రావాలి. జ్ఞాపకం దోచినవాడు మళ్ళీ రానక్కరలేదు.

1965 మార్చి 7న సెల్మా పట్టణపు వంతెనమీద పోలీసు లాఠీ జాన్ లూయిస్ తలను చీల్చినది. ఆ సంవత్సరమే ఆగస్టు 6న ఓటుహక్కుల చట్టం వచ్చినది. అతడు ఆనాడు క్రొత్త హక్కు కోరుతున్నాననుకొన్నాడు. నిజానికి అడిగినది పిత్రార్జితం. ఈ తేడా చిన్నది కాదు. బిచ్చమడిగేవాని గొంతు వేరు. తాత ఆస్తిని అడిగేవాని గొంతు వేరు.

ఇట్టి శోధనలపై ఆక్షేపణలు లేకపోలేదు. ప్రసిద్ధుడైన కొడుకు ఉండబట్టి గదా వెదకినారు, ఊరూపేరూ లేని రైతును ఎవరు వెదకుతారని ఒక ఆక్షేపణ. కాని 1867 నాటి గుమాస్తాకు టోబియాస్ వంశంలో ముందు ఎవరు పుట్టబోతారో తెలియదు. అతని పేరు వ్రాసిన పుస్తకంలోనే అతని ఇరుగుపొరుగువారి పేర్లూ ఉన్నవి. వంశచరిత్రలు గొప్పలకు పోయి కల్పనలవుతాయని మరొక ఆక్షేపణ. ఇది త్రోసివేయరానిది. 1976లో వెలువడి లోకమంతా చదివిన అలెక్స్ హేలీ గ్రంథం ‘రూట్స్’లోని కొన్ని లంకెలను తరువాతి పరిశోధకులు ప్రశ్నించినారు. ఒకే పేరుగలవారు ఒక కౌంటీలో నలుగురుండవచ్చును. ఇష్టమైనవానిని తాతను చేసుకోవడం తేలిక. దీనికి మందు వెదకడం మానివేయడం కాదు. ప్రతి లంకెకూ దాఖలా అడగడం. దాఖలా లేనిచోట ఖాళీని ఖాళీగానే ఉంచడం.

అట్టి ఖాళీలలో ఒకటి ఎలిజబెత్‌ది. 1867 పుస్తకంలో భర్త పేరున్నది. భార్య పేరు లేదు. ఆనాడు స్త్రీకి ఆ హక్కే లేదు. కాగితం ఎంత నిజం చెప్పినా, దానిని వ్రాయించిన ప్రభుత్వం ఎవరిని మనిషిగా ఎంచినదో అంతవరకే చెబుతుంది. మిగిలినది పేరు లేనివారి మౌనం. ఆ మౌనాన్ని కూడ చదవడం నేర్పే పాఠమే చరిత్రపాఠం.

ఓటుహక్కుల చట్టంలోని ఒక ముఖ్యభాగాన్ని, అలబామాకే చెందిన షెల్బీ కౌంటీ వేసిన దావాలో, 2013లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం పనికిరాకుండా చేసినది. వచ్చిన హక్కు నిలుస్తుందన్న పూచీ లేదని టోబియాస్ తరువాతి తరాలు నేర్చుకొన్న పాఠమే మళ్ళీ వినిపించినది. అందుకే పాతపుస్తకాలు దుమ్ముదులిపి చూడడం తీరికవారి వినోదం కాదు. రైతు తన పొలపు గట్టురాయి ఎక్కడున్నదో తెలిసికొని ఉంటాడు. తెలియనినాడు గట్టు జరుగుతుంది. జాతి జ్ఞాపకం అట్టి గట్టురాయి. పైక్ కౌంటీ రైతు దంపతుల వంశంలో ఆ రాయి నూరేండ్లు మట్టిలో పూడిపోయినది గాని, పోలేదు. త్రవ్వితే దొరికినది.