స్క్లాఫ్

మావాడికి తొమ్మిదేళ్ళు. మేముండేది స్కాట్లండ్ తూర్పు తీరాన, ఫైఫ్‌లో. మన ఊళ్ళలో క్రికెట్ కోచింగ్‌కి పంపినంత మామూలుగా ఇక్కడ పిల్లల్ని గోల్ఫ్‌కి పంపుతారు. శనివారాలు వాణ్ణి దింపి, ఫ్లాస్కులో టీ పెట్టుకుని పక్కన బెంచీ మీద కూర్చుంటాను.

మొన్న వాడు బలమంతా పెట్టి కొట్టాడు. ధబ్బుమని చప్పుడయింది, ఇంత గడ్డిపెళ్ళ లేచింది. బంతి మాత్రం నాలుగడుగులు దొర్లి ఆగిపోయింది. నేర్పే పెద్దాయన నవ్వి, "స్క్లాఫ్!" అన్నారు.

ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. అది స్కాట్స్ మాట. అరచేత్తో చరచడం ఒక అర్థం, కాళ్ళీడ్చుకుంటూ నడవడం ఇంకో అర్థం. "ఆ చెప్పులు ఈడుస్తూ నడవకే!" అని మా అమ్మమ్మ కేకలేసేది, అదన్నమాట. గోల్ఫ్‌లో అయితే, క్లబ్ బంతికి తగిలేలోపే వెనకున్న నేలకి తగలడం. విలువిద్య సాధన దెబ్బతింటోందని 1457లోనే ఇక్కడి పార్లమెంటు గోల్ఫ్‌ని నిషేధించింది. అంత పాత ఆట కదా, తప్పు దెబ్బకీ ఒక పేరుంది!

చదివింది సైన్సు కాబట్టి కారణం తెలుసుకోకుండా ఉండలేను. క్లబ్ వేగం చాలావరకు మట్టిలోనే ఖర్చయిపోతుంది, బంతికి మిగిలేది కొసరే. పిల్లలు ఇలా ఎందుకు కొడతారని పెద్దాయన్ని అడిగాను. బంతిని తామే పైకి లేపాలనుకుని బరువంతా వెనక కాలి మీదే ఉంచేస్తారట. "లేపే పని క్లబ్‌ది. దాని మొహం వాలుగా చేసింది అందుకే," అన్నారు.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను.

పోయిన నెల ఒక స్కూల్లో సైన్స్ ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాను. మీ గురించి చెప్పండి అన్నారు. నేనేం చెప్పాను? తొమ్మిదేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాను, క్షమించండి, నా ఇంగ్లీషు యాస మీకు అర్థమవుతుందో లేదో, ఇక్కడి పద్ధతులు నాకు తెలియవు... ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అనే మాట వచ్చేసరికి వాళ్ళు గడియారం చూస్తున్నారు. ఉద్యోగం రాలేదు. నాకు రాదు కాబట్టే రాలేదనుకున్నాను. కాదు, బంతి దాకా వెళ్ళకముందే నేలని కొట్టాను.

మనలో ఎంతమందిమి ఇలా క్షమాపణతో మొదలుపెడతామో ఆలోచించండి. వంట వడ్డిస్తూ "ఉప్పు తగ్గిందేమో" అంటాం. ఫోన్ తియ్యగానే "మిమ్మల్ని ఇబ్బంది పెట్టానేమో" అంటాం.

నిన్న రాత్రి ఇంకో స్కూలుకి దరఖాస్తు రాశాను. మొదటి పేరా అంతా ఆ తొమ్మిదేళ్ళ సంజాయిషీయే. చదువుకుని, మొత్తం కొట్టేశాను. ఇప్పుడు ఉత్తరం, 'నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను' అని మొదలవుతుంది.

ఇంకా పంపలేదు. ఈ కాలమ్ ముగించి పంపుతాను.